మూడు నుఖ్తాల అలిఫ్

మన ఇళ్ళల్లో ఇరవై దాటిన కుర్రాడిని అందరూ మూడే సవాళ్ళు అడుగుతారు. నౌకరీ ఎప్పుడు? నికాహ్ ఎప్పుడు? సొంతిల్లు ఎప్పుడు? ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న, తెలుగులో సవాలు అంటే పందెం. ఆ వయసులో రెండూ ఒకటే అనిపిస్తాయి. మూడింటికీ జవాబు చెప్పగలిగినవాడు "సెటిల్ అయిపోయాడు". చెప్పలేనివాడు దావత్‌లకి వెళ్ళడం మానేస్తాడు.

"ఖాళీగా ఉన్నప్పుడు నీ దిల్ దేనిమీద ఉంటుంది బేటా?" అని అడిగే ఖాలూలు, మామూలు నాకైతే తగల్లేదు. షౌక్ అనే మాటకి మన దగ్గర ఇజ్జత్ తక్కువ. "వాడికి షౌకులెక్కువ" అంటే డబ్బు తగలేస్తున్నాడనే అర్థం. ఈ రోజు ఒక షౌక్ గురించీ, అందులో నాకు తోడున్న దోస్తు గురించీ రాస్తాను. వాళ్ళమ్మగారి ఇజాజత్ తీసుకునే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు. అందుకే ఇక్కడ వాడు "వాడే".

మేం కలిసింది 2016లో, అమీర్‌పేటలో. ఉద్యోగాల కోసం కోర్సులు నేర్చుకునే వేలమందిలో మేమిద్దరం. నాది గుంటూరు, వాడిది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. హాస్టల్ గదిలో నాలుగు మంచాలు, ఒక ఫ్యాను, ఒక బకెట్. నమాజుకి మస్జిద్ దాకా కలిసి నడిచేవాళ్ళం. అక్కడే దోస్తీ మొదలైంది.

మా ఇద్దరి కథా చిత్రంగా ఉండేది. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, నేను చదివింది తెలుగు మీడియం. ఖురాన్ నాజిరా చదువుతాను, జేర్-జబర్ ఉంటే ఏ అక్షరమైనా పలుకుతాను. అవి తీసేసి ఉర్దూ అఖ్బార్ చేతికిస్తే మాత్రం దుకాణం బోర్డు చదివే పిల్లాడిలా కూడబలుక్కోవాల్సిందే. వాడిది నూర్‌బాషా కుటుంబం. తాతల కాలంలో దూదేకేవాళ్ళు. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడేది తెలుగే. మస్జిద్‌లో ఎవరైనా ఉర్దూలో పలకరిస్తే నవ్వి ఊరుకునేవాడు. "ముసల్మాన్ అయ్యుండి ఉర్దూ రాదా?" అని ఒకాయన మొహం మీదే అడిగితే, "అల్లాహ్‌కి తెలుగు వచ్చు భాయ్" అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, వాడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఒక ఇత్వార్ చార్మినార్ వైపు వెళ్ళాం. ఛత్తా బజార్ మీకు తెలిసే ఉంటుంది. షాదీ రుఖ్ఖాలు అచ్చువేసే దుకాణాల గల్లీ. హైదరాబాద్‌లోనే కాదు, మన జిల్లాల నుంచీ కార్డుల కోసం అక్కడికే వెళ్తారు. అక్కడ ఒక చిన్న కొట్టులో ముసలాయన నేలమీద కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, పెళ్ళికొడుకు పేరు రాస్తున్నాడు. పక్కనే కంప్యూటర్ ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. నేను ముందుకి నడిచిపోయాను. తిరిగి చూస్తే వాడు లేడు. ఆ కొట్టు ముందే నిలబడిపోయాడు. ఖలం కాగితం మీద కదిలేటప్పుడు సన్నటి చప్పుడు వస్తుంది. ఎండుటాకు మీద చీమ నడిస్తే మనకి వినపడితే ఎలా ఉంటుందో అలా. వాడు ఆ చప్పుడు వింటున్నాడు.

"ఏరా, నేర్పిస్తారేమో అడుగు" అన్నాడు. అడగడానికి వాడికి ఉర్దూ రాదు, అందుకని నన్ను ముందుకి తోశాడు.

ఆయనే మా ఉస్తాద్. జవానీలో ఉర్దూ అఖ్బార్‌లో కాతిబ్‌గా పనిచేశారట. ఆ రోజుల్లో పేపరంతా చేత్తోనే రాసేవాళ్ళు. నస్తాలీఖ్ రాతని సీసపు అచ్చుల్లో పొదగడం కష్టం. అక్షరాలు ఒకదాని మీద ఒకటి వాలుతూ, కుడినుంచి ఎడమకి కిందికి జారుతూ పోతాయి. 1981లో పాకిస్తాన్‌కి చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేలకొద్దీ అక్షరాల జోడింపులు తన చేత్తో రాసి, కంప్యూటర్‌కి ఎక్కించి, 'నూరీ నస్తాలీఖ్' తయారుచేశారు. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. ఆ తర్వాత కాతిబ్‌ల అవసరం పత్రికలకి తగ్గిపోయింది. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' లాంటి పత్రిక కంప్యూటర్లు వచ్చాక కూడా ఏళ్ళతరబడి చేతిరాతతోనే నడిచిందంటే అది వాళ్ళ పట్టుదల. మా ఉస్తాద్ మాత్రం షాదీ రుఖ్ఖాలకి వచ్చేశారు. "కంప్యూటర్ మీద గుస్సా లేదు బేటా, దానికి రాసింది కూడా ఒక కాతిబే కదా" అనేవారు.

ఫీజు అడగలేదు. ఒకటే షరతు పెట్టారు. ప్రతి ఇత్వార్ ఒక పేజీ మష్క్ రాసి తేవాలి. తేని రోజు రావద్దు.

మొదటి నెలంతా అలిఫ్ ఒక్కటే. చూడ్డానికి నిలువుగీత. అదేం కష్టం అనుకున్నాం. ఖలం నోటిని ఏటవాలుగా కోస్తారు, దాన్ని ఖత్ అంటారు. ఆ ఖలాన్ని కాగితం మీద అద్ది కాస్త లాగితే ముత్యంలాంటి నలుపలకల చుక్క పడుతుంది. అది నుఖ్తా. నస్తాలీఖ్‌లో అలిఫ్ ఎత్తు మూడు నుఖ్తాలు. ఖలం సన్నదైతే నుఖ్తా చిన్నది, అలిఫ్ కూడా చిన్నది. ఖలం వెడల్పైతే రెండూ పెద్దవి. అంటే ప్రతి అక్షరాన్నీ దాన్ని రాసిన ఖలంతోనే కొలవాలి. పక్కవాడి ఖలంతో కొలిస్తే ప్రపంచంలో ఏ అలిఫూ సరిగ్గా రాదు. ఉస్తాద్ దీన్ని రాత పాఠంగానే చెప్పారు. కోర్సు అయ్యి ఆర్నెల్లయినా ఇంటర్వ్యూలు దాటని మా ఇద్దరికీ అది ఇంకోలా వినపడింది. ఆ రోజు తిరుగు బస్సులో వాడు, "మా పెద్దమ్మకొడుకు ఖలంతో నన్ను కొలవడం మా నాన్న ఎప్పుడు మానతాడో" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

హాస్టల్లో మిగతావాళ్ళు నిద్రపోయాక మేం మష్క్‌కి కూర్చునేవాళ్ళం. సియాహీ దవాత్‌లో కాస్త పట్టుదారం వేసేవాళ్ళం, ఖలం ఎక్కువ సిరా పీల్చకుండా. నేను పదం పలికి మతలబ్ చెప్పేవాణ్ణి. వాడు రాసేవాడు. "నీకు నోరుంది, నాకు చెయ్యుంది. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి ముసల్మాన్" అనేవాడు. వాడి చెయ్యి నిజంగా నా చెయ్యి కంటే మంచిది. రెండేళ్ళలో వాడు నాకంటే బాగా ఉర్దూ చదివేవాడు. పంజాగుట్టలో ఐవాన్-ఎ-ఉర్దూ ఉంది కదా, డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో మొదలుపెట్టిన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ భవనం. అమీర్‌పేట నుంచి నడిచే దూరమే. అక్కడి పాత చేతిరాత ప్రతులు చూసి వచ్చిన రాత్రి వాడికి నిద్రపట్టలేదు. "వందల ఏళ్ళ కిందట ఎవడో కూర్చుని, మనలాగే వేలికి మసి అంటించుకుని రాశాడ్రా" అన్నాడు.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు అబ్బా అడిగేవారు, "ఇత్వార్ ఏం చేస్తున్నావ్?" చెప్తే, "క్యా ఫాయదా?" అనేవారు. ఆయన్ని తప్పుపట్టను. నెలనెలా డబ్బు పంపే తండ్రికి ఆ హక్కుంది. ఫాయదా ఏంటో అప్పుడు నాకూ తెలీదు.

2018లో నాకు మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. వాడికి ఆ ఏడాది చివర్లో సౌదీ నుంచి ఆఫర్ వచ్చింది. వాళ్ళమ్మగారు నఫిల్ నమాజులు చదివారు, ఊళ్ళో మిఠాయి పంచారు. వీసా కోసం మెడికల్‌కి వెళ్తే బీపీ చాలా ఎక్కువుందన్నారు. కంగారువల్లేమో అనుకుని మర్నాడు మళ్ళీ చూపించుకున్నాడు. అంతే ఉంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఆరు దాటింది. ఒకటి దగ్గర ఉండాల్సింది. రెండు కిడ్నీలూ చాలాకాలంగా పాడవుతూ వచ్చాయట. ఒంట్లో ఏ నొప్పీ లేదు. ఈ ముక్క చదివే కుటుంబాలకి ఒక్క మాట. ముప్పై ఏళ్ళలోపు పిల్లలకి బీపీ ఎక్కువ కనపడితే "టెన్షన్‌లే" అని వదిలేయకండి. ఒక్కసారి కిడ్నీ టెస్టులు చేయించండి.

సౌదీ పోయింది. వాడు ఊరెళ్ళిపోయాడు. 2019 నడుమ నుంచి దగ్గర్లోని టౌన్‌లో డయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వాళ్ళమ్మగారు తన కిడ్నీ ఇస్తానన్నారు. షుగర్ ఉందని డాక్టర్లు వద్దన్నారు. అన్న బ్లడ్ గ్రూపు కలవలేదు. జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఇంతెజార్ మొదలుపెట్టారు.

డయాలసిస్ సూదుల కోసం వాడి ఎడమచేతికి చిన్న ఆపరేషన్ చేసి ఫిస్టులా పెట్టారు. ఆ చేతిని నాలుగు గంటలు కదపకూడదు. మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు నాకు ఏం మాట్లాడాలో తెలీలేదు. వాడే, "కుడిచెయ్యి వదిలేశారు చూడు, షుకుర్" అన్నాడు.

ఆ కుడిచేత్తోనే మష్క్ మళ్ళీ మొదలైంది. తెల్ల దుప్పట్ల మీద సియాహీ వద్దని నర్సమ్మ గట్టిగా చెప్పింది. అందుకని రెండు పెన్సిళ్ళు పక్కపక్కన పెట్టి రబ్బరు బ్యాండ్లు చుట్టాడు. రెండు మొనల మధ్య దూరమే ఖలం వెడల్పు అవుతుంది. ఖత్తాతీ నేర్చుకునేవాళ్ళకి ఇది పాత ఉపాయమే. పొట్టమీద అట్ట పెట్టుకుని రాసేవాడు. పక్క బెడ్ పెద్దాయన పేరు, ఎదురు బెడ్ టీచరమ్మ పేరు, నర్సమ్మ కూతురి పేరు, అన్నీ నస్తాలీఖ్‌లో రాసిచ్చాడు. హిందువులు, క్రైస్తవులు, అందరూ ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళారు. ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపేవాడు. నేను తప్పులు చెప్పాలి. నా మష్క్ వాడికి పంపితే వాడు చెప్పేవాడు. "నీ 'సీన్' పళ్ళు చూడు, మా తాత పళ్ళలా ఉన్నాయి" అని వాయిస్ మెసేజ్ పెట్టేవాడు.

డయాలసిస్ పేషెంట్లకి నీళ్ళు లెక్క. టీ, చారు, మజ్జిగ అన్నీ కలిపి రోజుకి లీటరు దాటకూడదన్నారు వాడికి. ఎండాకాలం ప్రకాశం జిల్లా ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఆ లెక్క అర్థమవుతుంది. రమ్జాన్‌లో వాడికి రోజాలు లేవు, ఫిద్యా ఇచ్చేవాళ్ళు. నేనొకసారి ఫోన్‌లో, "ఈ రోజు దాహం బాగా వేసిందిరా" అన్నాను. కాసేపాగి, "మీది మగ్రిబ్ ఉన్న రోజా. నాది మగ్రిబ్ లేని రోజా" అన్నాడు. గిలాగా అనలేదు, మామూలుగా అన్నాడు. అప్పట్నుంచి ఇఫ్తార్‌లో మొదటి గుటక మింగే ముందు వాడి కోసం దువా చేయడం నాకు అలవాటైంది. ఇప్పటికీ పోలేదు.

2020 లాక్‌డౌన్‌లో వాడు పాస్ పట్టుకుని అన్నతో బండిమీద డయాలసిస్‌కి వెళ్ళేవాడు. నేను హైదరాబాద్ గదిలో ఒంటరిగా ఉన్నాను. రోజూ ఇషా తర్వాత వీడియో కాల్ పెట్టి ఇద్దరం మాటల్లేకుండా రాసుకునేవాళ్ళం. గంటసేపు ఖలం చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. నా జిందగీలో అంత నిండుగా ఎవరితోనూ మాట్లాడలేదు.

2022 జనవరిలో ఒక ఫజర్ వేళ వాడి అన్న ఫోన్ చేశాడు. ఇన్నాలిల్లాహి చదివి కూర్చుండిపోయాను. నిద్రలోనే గుండె ఆగింది. ఇరవై ఎనిమిదేళ్ళు. జీవన్‌దాన్ నుంచి పిలుపు రాలేదు. అసర్‌కి జనాజా అన్నారు, అందుకోగలిగాను. డోలాకి భుజం పట్టాను, మూడు పిడికెళ్ళ మట్టి వేశాను. ఊళ్ళో ఆడవాళ్ళు తెలుగులో ఏడుస్తున్నారు, "వాడి రాత బాగోలేదమ్మా" అని. నాకు వాడి రాతే కళ్ళముందు ఉంది. అంత చక్కని రాత నేను చూడలేదు.

నెల తర్వాత వాళ్ళమ్మగారు నన్ను పిలిపించారు. "నాయనా, వాడి గోరీ మీద పేరు నువ్వే రాయాలి" అన్నారు. వాళ్ళ నాన్నగారు ఒప్పుకోలేదు. ఖబర్ మీద రాయడం హదీసులో మనా ఉంది, వద్దన్నారు. గుర్తు కోసం అవసరమైతే రాయవచ్చని చెప్పిన ఉలమా కూడా ఉన్నారని అన్న అన్నాడు. ఇంట్లో మూడు రోజులు ఇదే మాట. చివరికి ఇమామ్ సాబ్ దగ్గరికి వెళ్ళాం. ఆయన బహెస్‌కి దిగలేదు. హజ్రత్ ఉస్మాన్ బిన్ మజ్‌ఊన్ ఖబర్ దగ్గర గుర్తుకోసం రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం స్వయంగా ఒక రాయి మోసుకొచ్చి పెట్టారని చెప్పారు. "తల్లికి గుర్తు కావాలి, అంతే కదా? రాయి పెట్టండి" అన్నారు. పొలం నుంచి ఒక నల్లరాయి తెచ్చి పెట్టాం. దానిమీద అక్షరం లేదు.

అమ్మగారు ఆ రాయిని చూసి తలూపారు. ఇంటికొచ్చాక, "మరి ఇంట్లో రాసివ్వచ్చుగా?" అని అడిగారు. రాశాను. వాడి ఖలంతోనే, నుఖ్తాలు కొలిచి కొలిచి, పదకొండు కాగితాలు పాడుచేసి రాశాను. ఆమెకి ఉర్దూ అక్షరాలు రావు. "ఇందులో వాడెక్కడున్నాడు?" అన్నారు. ఆమె వేలు పట్టుకుని కుడినుంచి ఎడమకి అక్షరాల మీద నడిపించాను. రెండోసారి ఆమే నడిపించుకున్నారు. కింద తెలుగులో కూడా రాయమన్నారు. రాశాను. వాడికి రెండూ కావాలి కదా.

వాడి ఖలమ్‌దాన్, ఆరు నోట్‌బుక్కులు నాకు ఇచ్చేశారు. డయాలసిస్ రోజుల మష్క్ అంతా అందులో ఉంది. ప్రతి పేజీ మూలన ఆ రోజు బరువు రెండుసార్లు రాసుకున్నాడు, మెషీన్‌కి ముందు ఎంత, తర్వాత ఎంత అని. కొన్నిచోట్ల తెలుగులో చిన్న నోట్లు. "ఇక్కడ కండరం పట్టేసింది." "ఈ నూన్ బాగా వచ్చింది, వాడికి పంపాలి." ఆ "వాడు" నేనే.

చాలా నెలలు ఖలం పట్టుకోలేకపోయాను. దోస్తు పోతే మనకి ఇద్దత్ లేదు, సోగ్ పాటించే రోజుల లెక్క లేదు, పుర్సాకి వచ్చేవాళ్ళు లేరు. సెలవు అడిగితే ఆఫీసులో, "బంధువా?" అంటారు. ఏ ఫారంలోనూ దోస్తు అనే గడి ఉండదు. ఆ దుఃఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తిరుగుతుంటాం. నాలా తిరుగుతున్నవాళ్ళు ఇది చదువుతుంటే, మీ గమ్ చిన్నది కాదని చెప్పడానికే ఈ పేరా రాశాను.

ఒక ఇత్వార్ పొద్దున ఊరికే దవాత్ తెరిచాను. నీళ్ళు పోసి, ఎండిన సియాహీ కదిపి, అలిఫ్ రాశాను. మూడు నుఖ్తాలు పెట్టి కొలిచాను. సరిపోయింది. పై మొన దగ్గర నా చెయ్యి మొదట్నుంచీ గట్టిగా నొక్కేది. "తేలిగ్గా దిగరా, అలిఫ్ మేకు కాదు" అని వాడు ఆరేళ్ళు చెప్పాడు. ఆ రోజు చెయ్యి తేలిగ్గా దిగింది. ఫోటోల్లో వాడు ఉన్నాడు, వాయిస్ మెసేజ్‌ల్లో ఉన్నాడు, వాటిని తెరవడానికి భయం. నా చేతిలో ఉన్నవాడికి మాత్రం నేను భయపడను.

అబ్బా అడిగిన సవాల్‌కి ఇది నా జవాబు. ఉద్యోగాలు ఇప్పించిన కోర్సు నేను ఎప్పుడో మర్చిపోయాను, ఆ సాఫ్ట్‌వేర్ కూడా మారిపోయింది. నౌకరీ లేని రోజుల్లో నన్ను నిలబెట్టింది, నౌకరీ పోయిన రోజుల్లో వాణ్ణి నిలబెట్టింది, ఏ ఫాయదా లేదనుకున్న ఆ రెండు గంటలే. మంచం మీద నాలుగు గంటలు కదలకుండా పడుకోవాల్సిన కుర్రాడు పేషెంట్ కాకుండా ఉస్తాద్‌గా ఉండగలిగాడు. దోస్తీలు నిలబడేది ఇలాంటి ఖాళీ గంటల్లోనే. "ఏం చేస్తున్నావ్?" అని ఫోన్‌లో అడిగే దోస్తులు చాలామంది ఉంటారు. పక్కన కూర్చుని చేసేవాడు ఒక్కడుంటే అది పెద్ద నేమత్.

ఇప్పుడు ఇత్వార్ రోజు మా ఫ్లాట్‌లో నలుగురు పిల్లలు కూర్చుంటారు, ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. ఒక పాపకి ఇంట్లో తెలుగే. మొదటి నెలంతా అలిఫ్ ఒక్కటే. విసుక్కుంటారు, అయినా వస్తారు. ఫీజు లేదు, పేజీ మష్క్ తేవాలి, అదే షరతు. తల్లిదండ్రులు గుమ్మం దగ్గర నిలబడి, "దీనివల్ల ఫాయదా ఏమన్నా ఉంటుందా భాయ్?" అని అడుగుతారు. "ఇప్పుడే చెప్పలేను ఆపా, పక్కనున్న పిల్లతో మాత్రం మీ పాపకి దోస్తీ కుదిరింది" అంటాను.

మీ ఇంట్లో కుర్రాడు పావురాలు పెంచుతున్నా, అమ్మాయి మెహందీ డిజైన్లతో నోట్‌బుక్ నింపుతున్నా, ఒక్క మెహర్బానీ చేయండి. ఆ మూడు సవాళ్ళతో పాటు నాలుగోది కూడా అడగండి. "ఎవరితో కలిసి నేర్చుకుంటున్నావ్?" అని. జవాబులో ఒక పేరు వస్తుంది. ఆ పేరుగల పిల్లాడినో పిల్లనో ఒకరోజు ఇంటికి పిలిచి అన్నం పెట్టండి.

నా దోస్తు మగ్ఫిరత్ కోసం దువా చేయండి. వాళ్ళమ్మగారికి సబర్ కోసం కూడా. పేరు తెలీకపోయినా పరవాలేదు. దువా చేరాల్సిన చోటు అల్లాహ్‌కి తెలుసు. ఆయనకి తెలుగు వచ్చు.